చీకట్లో కొన్న లెన్సు

ఆమెకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే చిన్నప్పటి నుంచీ ఇంటిల్లిపాదీ ఆమెని ఉరుము అనే పిలిచేవాళ్ళు. పెళ్ళయింది, చేతికి కెమెరా వచ్చింది, పుట్టినరోజులకీ సభలకీ నాటకాలకీ ఫొటోలు తీసి నలుగురిలో పేరు తెచ్చుకుంది. అయినా ఉరుము ఉరుముగానే ఉండిపోయింది.

వాళ్ళ నాన్నది మేజిక్ పని. బయటివాళ్ళకి ఆయన మాయల మాస్టారు. చిన్న హాల్లో, మసక దీపాల కింద, వెండిరంగు బంతిని గాల్లో తేలించడం ఆయన ఆటలన్నిటికీ తలమానికం. అదెలా తేలుతుందో ఇంట్లోవాళ్ళకి తెలుసు. పైన దూలానికి ఒక కొక్కెం, కొక్కెం మీదుగా వెంట్రుకంత నల్లదారం. దారం ఒక కొస బంతికి. రెండో కొస పక్కతెర వెనకాల, నల్లబట్టల్లో, ఊపిరి బిగబట్టి నిలబడ్డ అమ్మ చేతికి. నాన్న చెయ్యి లేస్తే బంతి లేవాలి, దిగితే దిగాలి. ఏళ్ళ తరబడి అలాగే లేచింది, అలాగే దిగింది. చప్పట్లు నాన్నకి, దారం ఒరిపిడి అమ్మ వేళ్ళకి.

ఈమధ్య బంతి వణకడం మొదలెట్టింది.

ఆ సాయంత్రం ఆట అయ్యీ అవగానే, జనం ఇంకా గుమ్మం దాటుతుండగానే, నాన్న స్టేజీ మీద నుంచే అందుకున్నాడు. దీపాలవాడు వింటున్నాడు, టికెట్ల అమ్మాయి వింటోంది, ఊడ్చే మనిషి చీపురు ఆపి మరీ వింటోంది.

"నీ చెయ్యి వణుకుతోందే! ఎన్నిసార్లు చెప్పాలి? పెద్ద హాలు వాళ్ళు మనల్ని పిలవబోతున్నారు. అక్కడ ఈ వణుకుడు చూపిస్తే నా మొహాన నవ్వుతారు. మోటారుకి చెప్పాను. వచ్చేవారం నుంచి దారం మోటారు లాగుతుంది. నువ్వు గుమ్మం దగ్గర కూర్చుని టికెట్లు చింపు."

అమ్మ దారాన్ని వేలికి చుట్టుకుంటూ తెర వెనక్కి వెళ్ళిపోయింది. ఉరుముకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ప్రాక్టీసులో బంతి నిలకడగానే ఉంటుంది కదా నాన్నా? అప్పుడు అమ్మ చెయ్యి కాదా అది?"

"ప్రాక్టీసులో జనమెవరు? జనం గుసగుస వినగానే మీ అమ్మకి దడ."

"ఇన్నేళ్ళూ లేని దడ ఇప్పుడొచ్చిందా?"

"నువ్వు నోర్ముయ్. పోస్టరుకి బంతి తేలుతున్న ఫొటో కావాలని అడిగితే నువ్వు తెచ్చిందేమిటి? దెయ్యం పట్టి ఊపేసినట్టున్న ఫొటోలు! తల్లికి చెయ్యి వణుకు, కూతురికి కెమెరా వణుకు. మీ అమ్మ పుట్టింటి గుణం ఎక్కడికి పోతుంది!"

ఫ్లాష్ కొడితే దారం మెరుస్తుందని ఆయనే వద్దన్నాడు. ఉరుము దగ్గరున్నది సొరకాయంత జూమ్ లెన్సు. చూడ్డానికి ఘనమే గానీ దానికి వెలుగు చాలదు. ఆ మసకలో ఒక్క ఫొటో తియ్యడానికి అది కన్ను తెరుచుకుని కూర్చుంటే, ఈలోగా నాన్న చెయ్యి కదిలి పొగైపోతుంది. ఇదంతా చెబుదామనుకుంది. కానీ నాన్న అప్పటికే కొత్త కోటు విప్పి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టెలో పెట్టుకుంటున్నాడు. చెమట పడుతుందని ప్రాక్టీసులో కూడా వేసుకోడు దాన్ని.

ఆ కోటు కుట్టింది ఉరుము మొగుడే. దర్జీ. నెమ్మదస్తుడు. ఇంటికొచ్చి ఆమె గిన్నెల మీద చూపించిన కోపమంతా విని, నోట్లో గుండుసూది తీసి పక్కన పెట్టాడు.

"లెన్సు మార్చు. చీకట్లో కనబడేది కొనుక్కో. మామయ్య మొహాన మంచి ఫొటో కొట్టు."

"ఫొటో కాదు, సాక్ష్యం కొడతాను. అమ్మ చెయ్యి రాయిలా ఉందని చూపిస్తాను. అప్పుడు ఆ మోటారు ఎవరి నెత్తిన పెట్టుకుంటాడో చూస్తా."

"మరి నిజంగా అత్తయ్య చెయ్యే వణుకుతుంటే?"

"నీ నోట మంచి మాటే రాదా?"

కసిరింది గానీ, ఆ మాట కాల్లో ముల్లులా దిగింది. పొద్దున అమ్మ టీ గ్లాసు అందిస్తుంటే పళ్ళెం మీద గ్లాసు టకటకమంది. పళ్ళెం ఎగుడుదిగుడుదా? చెయ్యి వణికిందా? లెన్సుకి చుట్టరికం ఉండదు. ఉన్నది ఉన్నట్టు పడుతుంది. ఆ రాత్రంతా ఆమెకి కోపం ఒకవైపు, భయం ఒకవైపు.

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని లెన్సుల కొట్టుకెళ్ళింది. లోపల పట్టపగల్ని తలదన్నే వెలుగు. అద్దాల బీరువాల్లో లెన్సులు నగల్లా మెరుస్తున్నాయి.

"చీకట్లో పనిచేసేది కావాలి," అంది.

కొట్టాయన ఒకటి తీసి ఆమె కెమెరాకి బిగించి, టక్కున ఒక ఫొటో తీసి చూపించాడు. "చూడమ్మా, ఎంత స్పష్టంగా వచ్చిందో!"

"ఈ వెలుగులో నా చెప్పుతో తీసినా స్పష్టంగానే వస్తుంది. దీపాలార్పండి."

"కొట్లో దీపాలా! బేరాలు పోతాయమ్మా."

"చీకటి సరుకు వెలుగులో అమ్మితే దాన్నేమంటారు? మోసమంటారు."

"ఆర్పేయండి సార్," అన్నాడు దర్జీ. "మా ఇంట్లో అయితే నేను ఇంతసేపు ఆలోచించను."

కొట్టాయన గొణుక్కుంటూ వాళ్ళని వెనకాల సామాన్ల గదికి తీసుకెళ్ళాడు. అట్టపెట్టెలు, దుమ్ము, తలుపు సందులోంచి ఒక చార వెలుగు. సరిగ్గా నాన్న స్టేజీ అంత మసక. ఉరుము మొగుణ్ణి గోడ వారకి నెట్టింది.

"చెయ్యి పైకెత్తి నెమ్మదిగా దించు. అలా కాదు, మా నాన్నలా. కాస్త గర్వంగా!"

"గర్వం నాకెక్కడిది, నీతో కాపురం చేస్తూ."

"జూమ్ అయితే దూరం దగ్గర రెండూ పనికొస్తాయి కదమ్మా," అన్నాడు కొట్టాయన.

"అన్నిటికీ పనికొచ్చేది నా దగ్గర ఉంది. అది చీకటికే పనికిరాదు. నాకు ఒకే చూపున్న ప్రైమ్ లెన్సు కావాలి. ముందుకీ వెనక్కీ జరగకపోయినా సరే, వెలుగు బాగా తాగాలి."

ముందు ముప్పై ఐదు మిల్లీమీటర్ల లెన్సు బిగించింది. గదంతా పడింది, అందులో మొగుడు బొటనవేలంత. "ఇది మధ్యలోకి దూరి తీసేవాళ్ళకి. నాన్న నన్ను ముందు వరస చివరి కుర్చీలోంచి కదలనివ్వడు." తర్వాత యాభై. బాగానే ఉంది గానీ, దానికీ నాలుగడుగులు ముందుకెయ్యాలి. ఎనభై ఐదు బిగించేసరికి చెయ్యి నిండుగా వచ్చింది, వేళ్ళ గణుపులతో సహా.

ఎనభై ఐదుల్లో రెండు రకాలున్నాయి. కొట్టాయన పెద్దదాన్ని రెండు చేతులతో అందించాడు. "వన్ పాయింట్ ఫోర్. ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. లెన్సుల్లో రాజు."

రాజుగారు ఆ మసకలో ఫోకస్ కోసం ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ ముందుకెళ్ళి, కొత్త ఊళ్ళో ఇల్లు వెతుక్కునేవాడిలా తిరిగాడు. చెయ్యి దొరికేసరికి దర్జీ చెయ్యి దించేసి చంక గోక్కుంటున్నాడు.

"ఆ చిన్నదానికంటే ఇదే వెలుగు ఎక్కువ తాగుతుందమ్మా!"

"తాగుతుంది సరే. తాగి తూలుతోంది. ఆ చిన్నది ఇవ్వండి."

చిన్నది వన్ పాయింట్ ఎయిట్. గుప్పెట్లో పట్టేంత. నొక్కీ నొక్కగానే దర్జీ వేలికున్న సూదిపోటు మచ్చ కూడా తెలిసింది. మూడుసార్లు తీసింది, మూడుసార్లూ దొరికింది. కొట్టాయన డబ్బా కడుతూ, బేరం తగ్గిందన్న దిగులుతోనే ఒక మంచి మాట చెప్పాడు.

"లెన్సు కన్ను నిండా తెరిస్తే ముక్కు తేటగా ఉంటే చెవి మసకవుతుందమ్మా. ముందూ వెనకా ఇద్దరుంటే ఇద్దర్నీ ఒకేసారి పట్టదు. ఎవర్ని పట్టాలో ముందే తేల్చుకో."

"తేల్చుకునే వచ్చాను," అంది ఉరుము.

ఆ సాయంత్రం ముందు వరస చివరి కుర్చీలో కూర్చుంది. అక్కడి నుంచి కాస్త ఒరిగితే పక్కతెర సందు కనబడుతుంది. మామూలు కంటికి ఆ సందులో నలుపు తప్ప ఏమీ లేదు. లెన్సు పెట్టి చూసేసరికి నలుపులోంచి అమ్మ తేలింది. బిగించిన పెదాలు, చెవి పక్క నెరిసిన వెంట్రుక, ఎత్తి పట్టిన చెయ్యి. ఇన్నేళ్ళుగా ఈ హాల్లో ఇంతమంది ఫొటోలు తీసింది. తల్లి పనిలో ఉండగా చూడ్డం ఇదే మొదలు.

స్టేజీ మీద నాన్న కొత్త కోటు తళతళమంటూ చెయ్యెత్తాడు. బంతి లేచింది. చెయ్యి బంతి చుట్టూ తిప్పాడు. బంతి వణికింది.

ఉరుము లెన్సులో అమ్మ చేతిని పట్టి కెమెరా మీట వరసగా నొక్కింది. వెంటనే లెన్సు తిప్పి నాన్న చేతిని పట్టి నొక్కింది. బంతి ఇంకా వణుకుతూనే ఉంది.

ఆట అయ్యాక స్టేజీ వెనక గదిలోకి వెళ్ళేసరికి నాన్న కోటు విప్పకుండానే కేకలేస్తున్నాడు. టికెట్ల అమ్మాయీ దీపాలవాడూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"చూశావా? మళ్ళీ వణికింది! మోటారు రేపే తెప్పిస్తా."

"నేనూ చూశాను," అని ఉరుము కెమెరా ఆయన మొహం ముందు పెట్టింది. "చూడు. అమ్మ చెయ్యి. వరసగా తీశాను. ఒక్క వెంట్రుకవాసి కదిలిందేమో వెతుక్కో."

నాన్న కెమెరా మీదికి వంగాడు. కెమెరా లాక్కుంది అమ్మ. చూసి, మొహం కందగడ్డ చేసుకుంది. అమ్మ సంతోషిస్తుందనుకుంది ఉరుము. అమ్మ ఆమె మీదే లేచింది.

"ఎవరు తియ్యమన్నారే నన్ను? ఈ పనిలో నేను కనబడకపోవడమే నా పనితనం. ఏ కంటికీ దొరక్కుండా ఇన్నేళ్ళు నిలబడితే, కన్నకూతురివి నువ్వు పట్టించావా?"

"నీ కోసమేనమ్మా తీసింది! నిన్ను గుమ్మం దగ్గర కూర్చోబెడతానంటే నువ్వు నోరెత్తవు, నేనెత్తితే తప్పా?"

"నా నోరు నాకుంది. తుడిచెయ్యి దీన్ని."

"తుడుస్తాను. ముందు ఆ తర్వాతది చూడు."

అమ్మ వేలితో తర్వాతి ఫొటో జరిపింది. నాన్న చెయ్యి. కోటు చేతి అంచు గంటలా వెడల్పుగా విచ్చుకుని ఉంది. దాని మీద పెద్ద బంగారురంగు గుండీ. గుండీ అంచుకి తగులుకుని, దీపం వెలుగు పడి, సన్నటి గీత వంగి ఉంది. దారం.

అమ్మ ఇంకో ఫొటో జరిపింది. గీత గుండీ మీంచి జారుతోంది. ఇంకోటి. జారిపోయింది, బంతి పక్కకి ఒరిగింది.

ఉరుము వెనకే వచ్చిన దర్జీ మెల్లగా అన్నాడు. "మామయ్యా, ఆ అంచు అంత వెడల్పొద్దని నేను మొత్తుకున్నాను. పెద్ద హాలు, పెద్ద చేతులు అన్నారు మీరు."

"నువ్వు కుట్టిందే వంకర!" అన్నాడు నాన్న. గొంతులో మునుపటి పదును లేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అంది అమ్మ. మొగుడి మీద ఎప్పుడూ అరవని మనిషి. అప్పుడూ అరవలేదు. అందుకే అందరూ ఒకడుగు వెనక్కేశారు. "ఈ కోటు వచ్చిన రోజే బంతికి వణుకొచ్చింది. నా చెయ్యేమోనని నేనూ నమ్మాను. ఇంట్లో ఎవరూ చూడకుండా గ్లాసు నిండా నీళ్ళు పోసి పట్టుకుని నిలబడేదాన్ని, తొణుకుతుందేమోనని. అలా నిలబెట్టారు మీరు నన్ను."

నాన్న కోటు గుండీని వేలితో తిప్పాడు.

"మోటారుకి కోపం రాదు. అందుకే కావలసొచ్చింది మీకు." అల్లుడి వైపు తిరిగింది. "కత్తెర తెచ్చావా?"

"దర్జీవాణ్ణి, ఎప్పుడూ జేబులోనే ఉంటుంది అత్తయ్యా."

"ఆ చేతులు కత్తిరించెయ్."

నాన్న చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"కోటు చేతులు," అంది అమ్మ. "ఇప్పటికి."

టికెట్ల అమ్మాయి కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. నాన్న కోటు విప్పి ఇచ్చాడు. దర్జీ గుండీలు ఊడబెరికి, అంచులు కత్తిరించి, అక్కడే కూర్చుని మడిచి టాకా వేశాడు. ఆ గుడ్డ చిరుగుతున్న చప్పుడుకి నాన్న ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాడు.

"రేపు ఫొటో మళ్ళీ తియ్యి," అంది అమ్మ కూతురితో. "పోస్టరుకి. మీ నాన్న కళ్ళని పట్టు, దారం మసకలో కలిసిపోతుంది. మీ కొట్టాయన చెప్పిందీ అదేనని అల్లుడన్నాడు. నేను మాత్రం అందులో ఉండకూడదు."

"ఉండవులే," అంది ఉరుము, ఇంకా పళ్ళు నూరుతూనే. అమ్మ ఫొటో తెరిచి తుడవబోయింది.

"ఆగు. ఒక్కసారి ఇటివ్వు."

అమ్మ చూసింది. మొహం చూడలేదు. చేతినే చూసింది, చాలాసేపు. తర్వాత కెమెరా తిరిగిచ్చేసింది. "మోచెయ్యి కాస్త కిందకి దించాలి. భుజం నొప్పి అందుకే. ఇప్పుడు తుడువు."

ఉరుము తుడిచింది. ఆ మీట నొక్కుతుంటే వేలు మండింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. నేల చూపులు చూస్తూ, గడ్డంలోకి, "వణికింది నీ చెయ్యి కాదులే," అన్నాడు.

"వినబళ్ళేదు."

"నీ చెయ్యి కాదంటున్నా కదే."

"నిన్న స్టేజీ మీద నుంచి అన్నారు. ఊడ్చే మనిషి కూడా విన్నది. అక్కడికెళ్ళి చెప్పండి. ఆటలో చెప్పినంత గట్టిగా."

నాన్న కూతురి వైపు చూశాడు, అల్లుడి వైపు చూశాడు. ఎవరూ కలగజేసుకోలేదు. కురచ చేతుల కోటు వేసుకుని, తెర పక్కకి జరిపి, ఖాళీ కుర్చీల ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. ఊడ్చే మనిషి చీపురు ఆపింది.

"వణికింది నా కోటు!" అన్నాడు హాలంతా మోగేలా.

తెర వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "కోటు కాదు."

నాన్న కురచైన కోటు చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"నేను!" అన్నాడు మాయల మాస్టారు. ఆ మాట వెనక వరస దాకా వెళ్ళింది.