మైనస్ పదకొండు

మైనస్ ఏడు ఉంటుంది, ఎడమ కంటికి ఇంకాస్త ఎక్కువే, లేకపోతే చేతిలో కాగితాన్ని అలా ముక్కుకి ఆనించుకుని ఎవడైనా పేర్లు పిలుస్తాడా, ఈ కోర్టు బంట్రోతు నా కొట్టుకి వచ్చి ఉంటే ఈపాటికి ఓ నల్ల ఫ్రేము తగిలించి మనిషిని చేసి పంపేవాణ్ణి, మనిషంటే నాకు మొదటి నుంచీ రెండు అంకెలే, కుడిది ఒకటి, ఎడమది ఒకటి, పేర్లు గుర్తుండవు, మొహాలు అసలే గుర్తుండవు, ఇప్పుడా బాధ కూడా లేదు, అందరి మూతికీ గుడ్డే, వరండా నిండా కళ్ళు తప్ప ఇంకేమీ లేని జనం, దూరం దూరంగా కూర్చోమని బల్లల మీద సున్నంతో గుర్తులు వేశారు, ఓ గుర్తు మీద నేను, జేబులో కళ్ళజోడు డబ్బా తొడకి ఒత్తుకుంటోంది, ఇవాళ ఇచ్చేస్తాను, సాక్ష్యం అయిపోగానే ఇచ్చేస్తాను, ముందు సాక్ష్యం, తర్వాత కళ్ళజోడు, ఏంటండీ జేబులో అది అని పొద్దున మా ఆవిడ అడిగితే గిరాకీదే, దార్లో ఇవ్వాలి అన్నాను, అబద్ధం కాదుగా, గిరాకీదే, దార్లోనే.

ఆ కళ్ళు నేను చూశాను, అందులో అనుమానం లేదు, చూశాను కనకే చెప్పాను, కర్ఫ్యూలో మందుల కోసం బయటికొచ్చిన ఒకణ్ణి పోలీసులు కొట్టి చంపారని జనం రోడ్ల మీద పడ్డ సాయంత్రం అది, పోలీసుల్ని కొట్టలేక అద్దాల్ని కొట్టారు, అద్దం తిరిగి కొట్టదుగా, వీధి మొత్తానికీ పెద్ద అద్దం నాది, దాని మీద నిలువెత్తు కళ్ళజోడు బొమ్మ, రాయి తగిలిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది, ఇంట్లో గ్లాసు జారినా బల్ల కింద దూరుతున్నాను, మా ఆవిడ గాజు సామాను అంతా అటక మీద పెట్టేసింది, పెట్టేసి తను పక్కగదిలో పడుకుంటోంది, మీరు నిద్రలో నా కళ్ళు తడుముతున్నారండీ, భయమేస్తోంది అంది, నేనా, తడమడమా, రోజుకి ఇన్నిసార్లు చేతులు కడుక్కుంటున్నాను, తోలు ఊడిపోయేలా కడుక్కుంటున్నాను, తడిమితే మాత్రం ఏం, డాక్టరుకి చూపించుకోండి అంటుంది, ఏ డాక్టరుకి, ఆస్పత్రుల్లో ఊపిరాడక పోయేవాళ్ళకే దిక్కులేదు, గ్లాసు చప్పుడుకి భయపడేవాణ్ణి ఎవడు చూస్తాడు.

ఎదురు ఫుట్‌పాత్ మీంచి గురిచూసి రాయి విసిరి, తర్వాత లోపలికొచ్చి నిప్పు పెట్టినవాణ్ణి చూశానని రాసిచ్చాను, మూతికి గుడ్డ ఉంది కానీ కళ్ళు చూశానన్నాను, ఇనస్పెక్టరు పడీపడీ నవ్వాడు, ఇన్నేళ్ళ నుంచీ కళ్ళ మీద బతుకుతున్నారు, మీరు పట్టలేకపోతే ఇంకెవడు పడతాడు మాస్టారూ అన్నాడు, పొగిడితే నేను ఉబ్బిపోతాను, అది మా ఆవిడకీ తెలుసు, ఇనస్పెక్టరుకీ ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయండీ, కోర్టులు మూసేసేలోపు ఎవడో ఒకడు తేలాలి అంటూనే స్టేషను వెనక పెరట్లోకి తీసుకెళ్ళాడు, గోడవారగా వరసగా నిలబెట్టారు, రోగం భయంతో ఎవడి గుడ్డా తీయించలేదు, మూతులు మూసుకున్నవాళ్ళలోంచి మనిషిని గుర్తుపట్టడం ఎక్కడైనా ఉంటుందా అంటే ఆ రోజుల్లో ఉండనిదేముంది, నాకూ వాళ్ళకీ మధ్య తెరా లేదు, తడికా లేదు, ఒక్కొక్కడి ముందూ ఆగాను, ఒకడు నన్ను తేరిపార చూశాడు, ఇంకొకడు నా చెప్పుల దగ్గర్నుంచి జుట్టు దాకా నింపాదిగా చూశాడు, ఇంకొకడు కన్ను గీటాడు, తప్పు చేయనివాడు తలెత్తి చూస్తాడు అనుకున్నాను, చివర్న వాడు, వాడొక్కడే నన్ను చూడలేదు, కళ్ళు చికిలించి ఎటో చూస్తున్నాడు, గురి చూసేవాడి కళ్ళు, దొంగ కళ్ళు, వీడే అన్నాను, ఖాయమా అన్నాడు ఇనస్పెక్టరు, ఖాయం, ఈ కళ్ళు చచ్చినా మర్చిపోను, వేలు వణకలేదు, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

ఆమె రాకుండా ఉండాల్సింది, ఊళ్ళో ఇన్ని కళ్ళజోళ్ళ కొట్లుండగా నా కొట్టుకే ఏడవాలా, పాత కొట్టు కాలిపోయాక ఈ సందులో కొత్త బోర్డు పెట్టుకుని ఓ మూల నా బతుకు నేను బతుకుతుంటే మెట్ల కింద చెప్పులు విడిచి, కొంగుతో మూతి గట్టిగా నొక్కుకుని, బాబూ ఈ చీటీ చూసి మావాడికి కళ్ళజోడు చేసిపెట్టాలి అంది, మనిషి రావాలమ్మా, చీటీ పాతది అన్నాను, మనిషి రాలేడు బాబూ, జైల్లో ఉన్నాడు అంది, చీటీ విప్పాను, రెండు కళ్ళకీ మైనస్ పదకొండు, అంత పవర్ నా కొట్లో ఏడాదికి ఒకటి వస్తే గొప్ప, ఏం చేస్తాడమ్మా మీవాడు అన్నాను, ఊరికే, పని చేసుకుంటూ మాట కలిపాను, గడియారాలు బాగుచేస్తాడు బాబూ, దగ్గరిది చీమ కాలైనా కనపడుద్ది, దూరం అసలు ఆనదు, ఆ గొడవ రోజున కొట్టు కట్టేసి ఇంటికొస్తుంటే జనం తోసేశారు, కళ్ళజోడు ఎగిరిపోయింది, వెతుక్కుందామని కింద కూర్చున్నాడు, అదేమో ఎవరిదో కళ్ళజోళ్ళ కొట్టు ముందట, పగలగొట్టి ఉంది, రోడ్డంతా కళ్ళజోళ్ళే, అందులో తనదేదో తెలీక ఒక్కోటీ తీసి పెట్టుకుని చూసుకుంటున్నాడు, పోలీసులొచ్చి దొంగతనం అని ఈడ్చుకెళ్ళారు అంది, చెప్పి ఆమే నవ్వింది, ఏడుపొస్తుంటే నవ్వినట్టు, నాకూ నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది, మూతికి గుడ్డ ఉండబట్టి బతికిపోయాను.

ఆమె ఆగదు, అడగకపోయినా చెప్తుంది, తర్వాత రాయి విసిరి నిప్పు పెట్టింది కూడా వీడే అన్నారు, కోర్టులు లేవన్నారు బాబూ, వాయిదా, మళ్ళీ వాయిదా, ఫోన్లో జడ్జీగారికి చూపించారంట, అందుకోసం బయటికి తీసుకెళ్ళి తెచ్చిన ప్రతిసారీ రోగం అంటుద్దని ఒక్కణ్ణే గదిలో పెట్టేస్తున్నారు, కళ్ళజోడు లేదు, మనిషి తోడు లేడు, వాడికి ఎదురు గోడ కూడా కనపడదు బాబూ, ఇప్పుడు గోడకి చెవి ఆనించి కూర్చుంటున్నాడంట, లోపల గడియారం ఉంది, నిదానంగా నడుస్తోంది, విప్పి బాగుచేయాలి అంటున్నాడంట, గోళ్ళతో గీకుతున్నాడంట, మనసు డాక్టరు నెలకోసారి ఫోన్లో మాట్లాడి మాత్రలు రాస్తాడు, కళ్ళజోడు ఇస్తే కాస్త మనిషవుతాడేమో, ప్లాస్టిక్కుదైతే ఇవ్వొచ్చన్నారు, మీ కాళ్ళు పట్టుకుంటాను అంది, కాళ్ళెందుకమ్మా, ప్లాస్టిక్కుదే చేస్తాను, వారం ఆగి రమ్మన్నాను, చేశాను, మంచి పని చేశాను, అంచులు పలచగా అరగదీశాను, వాడి ముక్కు చూడకపోయినా సరిపోయేలా చేశాను, చేసి సొరుగులో పెట్టాను, వారం తర్వాత ఆమె వచ్చింది, లెన్సు పై ఊరి నుంచి రావాలమ్మా అన్నాను, మళ్ళీ వచ్చింది, దార్లు మూసేశారమ్మా, లారీలు రావట్లేదు అన్నాను, మళ్ళీ వచ్చింది, వచ్చినప్పుడల్లా మోకాలు ఆ సొరుక్కే తగులుతోంది, ఎందుకివ్వలేదో నాకే తెలీదు, ఇద్దామనే అనుకున్నాను, అదేంటో చేయి ముందుకి రాలేదు.

బాబూ మీరా, గొంతు నా పక్కనే, బల్ల చివర ఆమె, సున్నం గుర్తు మీద బుద్ధిగా కూర్చుంది, బంగారు ఫ్రేము చూసి గుర్తుపట్టాను బాబూ అంది, అందరికీ నా కళ్ళజోడే దొరుకుతుంది గుర్తుకి, మీరేంటి ఇక్కడ అంది, పనుండి వచ్చానమ్మా అన్నాను, ఆమె కళ్ళు విప్పారాయి, మావాడి కళ్ళజోడు తెచ్చారా బాబూ, ఇక్కడికే తెచ్చారా అంది, జేబులో డబ్బా తొడలోకి దిగింది, ఇంకా లెన్సు రాలేదమ్మా అన్నాను, పర్లేదు బాబూ, మీ చేతిలో ఏముంది, లోకమంతా ఇలా ఉంటే, నన్నే ఓదారుస్తోంది, ముసలిది నన్ను ఓదారుస్తోంది, కొట్టాలనిపించింది, నిజం, చెయ్యి లేచినంత పనైంది, ఇవాళ సాక్షి వస్తాడంట బాబూ అంది, ఎవరో నాకు తెలీదు, కాయితాలు చదవలేను, మా వకీలు ఫోనెత్తడు, పెద్దమనిషేనంట, వస్తే మంచిదే కదా బాబూ, మావాణ్ణి ఎదురుగా చూస్తే కాదని చెప్పేస్తాడు, కళ్ళున్నవాడెవడైనా చెప్తాడు వాడు రాయి విసరలేడని, విసిరినా ఎవరికీ తగలదని, అవునా బాబూ, అవునమ్మా అన్నాను, ఏమనాలి మరి, అప్పుడే బంట్రోతు కాగితం ముక్కుకి ఆనించి పిలిచాడు, ఆమె కొడుకు పేరు, తర్వాత నా పేరు.

నడిచాను, వెనక చెప్పుల చప్పుడు ఆగిపోయింది, ఆమెకి అర్థమైందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు, ఎందుకు చూడాలి, బోనెక్కాను, చెక్క మీద మందు చల్లి ఇంకా తడిగానే ఉంది, వాడు ఎదురుగా, ఇద్దరు పోలీసుల మధ్య, వేలాడేసిన చొక్కాలా ఉన్నాడు, గోళ్ళ దగ్గర నల్లగా చెక్కులు, తల పక్కకి వంచి చెవి గోడవైపు పెట్టాడు, గోడ మీద కోర్టు గడియారం ఉంది, ఆగిపోయి ఉంది, వాడు వింటూనే ఉన్నాడు, గుడ్డ తీసి చెప్పండి అంది మేజిస్ట్రేటు, తీశాను, మొహానికి చల్లగా గాలి తగిలింది, బట్టలిప్పినట్టనిపించింది, వాడిదీ తీయించారు, మూతి మొదటిసారి చూశాను, చిన్నపిల్లాడి మూతి, ఎక్కణ్ణుంచి చూశారు అన్నాడు వకీలు, ఆమె ఫోనెత్తని వకీలు, కాగితాల్లోంచి తలెత్తకుండానే, కౌంటరు వెనక నుంచి అన్నాను, వెలుతురు ఉందా, ఉంది, బాగా ఉంది, వీధిదీపం ఉంది, కౌంటరు వెనక నుంచి, వీధిదీపం, కౌంటరు, మొదటి కేక వినపడగానే కౌంటరు వదిలేసి కళ్ళు పరీక్ష చేసే చీకటి గదిలోకి దూరాను, కుర్చీ కింద బోర్లా పడుకున్నాను, నోట్లో చేతిగుడ్డ కుక్కుకున్నాను, రాయి తగిలినప్పుడు కళ్ళు మూసుకుని ఉన్నాను, పొగ వచ్చేదాకా తెరవలేదు, వెనక తలుపు లోంచి పారిపోయాను, ఎవడి కళ్ళూ చూడలేదు, ఒక్కడివి కూడా చూడలేదు, ఇన్నాళ్ళూ చూశాను చూశాను అనుకుంటూ ఉంటే అవే వచ్చి కూర్చున్నాయి, ఇతనేనా అంటోంది మేజిస్ట్రేటు, బాగా చూసి చెప్పండి, తొందరేం లేదు.

చూశాను, వాడూ నావైపు తిప్పాడు తల, నావైపు అనుకున్నాడు పాపం, నా భుజం పక్కన స్తంభం వైపు, కళ్ళు చికిలించి, డబ్బా తీసి వాడి ముక్కు మీద పెడితే చాలు, నేను కనపడతాను, ఈ మొహం, ఈ గడ్డం, ఈ చెమట, ఆ క్షణం నుంచీ బతికినన్నాళ్ళూ వాడికి గుర్తుంటాను, ఇతనే అన్నాను, అన్నది నేనే, గట్టిగానే అన్నాను, ఇతనే మేడమ్, ఎంత స్పష్టంగా వచ్చిందో మాట, ఎవరమ్మా ఆ మాట్లాడేది అన్నాడు వాడు, కోర్టులో అలా మాట్లాడకూడదని తెలీదు, ఎవరమ్మా, అమ్మా, ఆమె వెనకే ఉంది, చూస్తోంది, దూరపు చూపు బాగున్న ముసలిది, వీపు మీద ఆ చూపు ఆనుతోంది, ఏమని చెప్తుంది వాడికి, కళ్ళజోళ్ళ బాబు రా అనా, వాడు ఇంకా తల తిప్పుతూనే ఉన్నాడు, గొంతు ఎక్కడుందో వెతుక్కుంటూ, రోడ్డు మీద కూర్చుని వెతుక్కున్నట్టు, కణతల మీద గాడి కనపడుతోంది, కళ్ళజోడు కాడలు ఏళ్ళ తరబడి నొక్కితే పడే గాడి, ఇన్నాళ్ళు కళ్ళజోడు లేకపోయినా పూడలేదు, అది నాకు కొత్త కాదు, ఆ రోజు పెరట్లో కూడా చూశాను, వేలెత్తడానికి ముందే చూశాను, సోడాబుడ్డి బాపతు, పదికి తక్కువుండదు అని లెక్క కూడా కట్టుకున్నాను, తేరిపార చూసినవాణ్ణి వదిలేశాను, నిలువునా కొలిచినవాణ్ణి వదిలేశాను, కన్ను గీటినవాణ్ణి వదిలేశాను, వాళ్ళంతా రేపు బయటికొస్తే నన్ను వీధిలో పట్టుకుంటారని వదిలేశాను, కళ్ళు పోల్చుకోలేదు, పొరబడలేదు, ఆ వరసలో నేను కనపడనివాడు వాడొక్కడే, అది తెలిసే వేలు చూపించాను.