పది, ఏడో వీధి

ఆఫీసులో ఆమెను అందరూ గిడ్డంగి అని పిలిచేవారు. నగరమంతటికీ అంబులెన్సులు పంపే అత్యవసర కేంద్రం అది. పై అంతస్తుల్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కింద, ఎండ కన్నెరగని గదిలో, ఆ ఫోన్లలో జనం ఏడ్చిన ఏడుపులన్నీ డిస్కుల మీదికి ఎక్కుతుంటాయి. ఆ డిస్కుల బీరువాలకు కాపలా ఆమెది కాబట్టి ఆ పేరు. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత అలవాటైపోయి, అసలు పేరుతో పిలిస్తేనే ఎవర్నో అనుకుని వెనక్కి చూసేది.

బొమ్మల మీద నొక్కి పని చేసుకునే తెరలంటే ఆమెకు పడదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మనం ఒక వరుస కొడితే అది ఒక జవాబు చెప్పడం, అంతే. డిస్కులను వాటాలేసినట్టు వాల్యూములుగా పంచుతారు. వందల కొద్దీ వాల్యూముల్లో ఏది నిండింది, ఏది ఖాళీ, ఏది ఏ సర్వరుకు కట్టి ఉంది, అన్నీ ఆ తెర చిటికెలో చెప్పేస్తుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, చెప్పినదానికి తలూపుతుంది, వాదనకు దిగదు. ఇంట్లో మనుషులు కూడా ఇలాగే ఉంటే ఎంత హాయి అని ఆమె అనుకునేది. అలా అనుకున్నందుకు తర్వాత అనుభవించింది కూడా.

ఏ సర్వరుకూ కట్టని వాల్యూమును ఆ గదిలో అనాథ అంటారు. అలాంటిది కనబడితే దాని పేరు చదివి "ఎవరి బిడ్డ ఇది?" అని గదంతా వినబడేలా అడగాలి. ఎవరైనా "నా బిడ్డే" అంటే వదిలేస్తారు. ఎవరూ పలకకపోతే తీసేస్తారు. ఈ పద్ధతి పెట్టింది తాత. తాత అంటే వయసుకు తాత కాదు, అందరికంటే ముందు ఆ గదిలో చేరి, అందరికంటే ముందు జుట్టు నెరిపించుకున్నవాడు. ఎక్కడెక్కడో రాసుకున్నవాళ్ళు మర్చిపోతారు గానీ కన్నవాళ్ళు మర్చిపోరని ఆయన వాదన. ఆయన అలా అన్నప్పుడల్లా అందరూ నవ్వేవాళ్ళు.

చెల్లెలు పోయాక ఆమె మాత్రం నవ్వడం మానేసింది. సొంత చెల్లెలు కాదు, బాబాయి కూతురు. కానీ ఒకే ఇంట్లో, ఒకే దుప్పటి కోసం కొట్టుకుంటూ పెరిగినవాళ్ళు. ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఒకరోజు పొద్దున ఊపిరందక గిలగిల్లాడుతుంటే బాబాయి అత్యవసర నంబరుకు ఫోన్ చేశాడు. ఇంటి నంబరు పది, వీధి ఏడోది. "పది, ఏడో వీధి" అని చెప్పాడు. అంబులెన్సు పదిహేడో వీధికి పోయింది. అక్కడ ఆ చివరినుంచి ఈ చివరిదాకా వెతికి, మళ్ళీ అడిగి తెలుసుకుని ఏడో వీధికి వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు.

విచారణ జరిగింది. ఫోన్ చేసినాయన పదిహేడో వీధి అన్నాడని ఆపరేటర్ చెప్పింది. రికార్డింగు తీసి వినకుండానే అదే నిజమని తేల్చి కేంద్రం చేతులు దులుపుకుంది. ఆ మాట విన్న రోజునుంచి పిన్ని బాబాయితో మాట్లాడటం లేదు. పోట్లాడినా బాగుండేది. కంచం తెచ్చి ముందు పెడుతుంది, బట్టలు ఉతికి మడత పెడుతుంది, మాట మాత్రం లేదు. బాబాయి చిక్కి సగమయ్యాడు. ఇంటికి ఎవరొచ్చినా ఆయనది ఒకటే పాట.

"పది అన్నానమ్మా. అని ఆగాను. ఆగి, ఏడో వీధి అన్నాను. మధ్యలో ఆగడం నాకు బాగా గుర్తు."

ఆయన ఆగాడో లేదో చెప్పగలిగింది ఒక్క రికార్డింగే. అది ఆమె కాపలా కాసే బీరువాలోనే ఉంది.

"నువ్వొకసారి విని చెప్పకూడదూ?" అని అడిగాడు బాబాయి.

"దాచేవరకే నా పని. వినడానికి నాకు అధికారం లేదు బాబాయ్. మీరు అర్జీ పెట్టండి. అనుమతి వచ్చేదాకా అది ఎక్కడికీ పోకుండా నేను చూసుకుంటాను."

"మీ పిన్ని కూడా వినొచ్చా?"

"ఇద్దరూ కలిసే వినొచ్చు."

చాలా రోజుల తర్వాత ఆ పూట బాబాయి కడుపు నిండా తిన్నాడు.

అర్జీ అంటే తల ప్రాణం తోకకొచ్చే వ్యవహారం. ఈలోగా ఇంకో చిక్కుంది. రికార్డింగుల సర్వరులో ఒక ప్రోగ్రాం ఉంది, గడువు తీరినవాటిని ఎప్పటికప్పుడు చెరిపేస్తూ పోతుంది. తన ఇంటివాళ్ళ రికార్డింగు మీద ఆమె చెయ్యి వెయ్యకూడదు, అది ఆ గది నియమం. అందుకని తాత దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పుకుంది.

"ఆ సంగతి నాకొదిలెయ్యమ్మా. దానికి తల్లీ తండ్రీ నేనే," అన్నాడు తాత.

సాయంత్రం ఆయన దగ్గర్నుంచి రెండు మాటల సందేశం వచ్చింది: బిడ్డ భద్రం. మర్నాడు పొద్దున ఆయన స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను అయింది, కుట్లకు చీము పట్టింది, మళ్ళీ ఆపరేషను అయింది. ఆమె ఆస్పత్రికి చూడబోయినప్పుడు నొప్పి గురించే అడిగింది. ఆ స్థితిలో ఉన్న మనిషిని వాల్యూము గురించి అడగడానికి మనసొప్పలేదు. భద్రం అన్నాడు కదా అని ఊరుకుంది.

కొన్నాళ్ళకు మేనేజరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అంబులెన్సులు దారి తప్పకుండా కొత్త మ్యాపులు పెడుతున్నారట, వాటికి చోటు కావాలి.

"సాయంత్రానికల్లా కావాలి. పైవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు."

"ఎక్కడా జానెడు ఖాళీ లేదు సార్."

"అనాథలుంటాయి కదా. తీసెయ్యండి."

ఆమె కమాండు కొట్టింది. వాల్యూములన్నీ చూపించు, వాటిలో ఏ సర్వరుకూ కట్టనివి మాత్రమే ఏరు, పెద్దవాటిని పైన పెట్టు. తెర మీద ఓ గుప్పెడు పేర్లు వచ్చాయి. అన్నిటికంటే పైనున్నదానికి మనిషి పెట్టిన పేరు లేదు, యంత్రం తనంతట తాను పెట్టుకునే పేరుంది.

"కాపీ నాలుగు వందల పన్నెండు," అని చదివింది. "ఎవరి బిడ్డ ఇది?"

ఎవరూ పలకలేదు. తాత కుర్చీ మీద ఎవరో తమ సంచి పెట్టుకున్నారు. ఆమె ఇంకోసారి, ఈసారి గొంతు పెంచి అడిగింది.

"మాకంత పెద్ద బిడ్డలు లేరు గిడ్డంగీ," అన్నాడు మూలనుంచి నెట్‌వర్కు కుర్రాడు. గదంతా నవ్వింది.

లోపల ఏముందో చూడాలంటే దాన్ని ఏదో ఒక సర్వరుకు కట్టాలి, అంత తీరిక లేదు. పోనీ ఇంకొక్క వరుస కొట్టి ఉంటే అది ఎవరి చేతి మీద పుట్టిందో, దేనికి కాపీయో తెర చెప్పేసేది. ఆమె అడగలేదు, అది చెప్పలేదు. మామూలుగా తీసేసిన వాల్యూము ఒక రోజు చెత్తబుట్టలో ఉంటుంది, పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ బుట్టలో ఉన్నంతసేపూ చోటు ఖాళీ కాదు. కమాండు చివర 'వెంటనే' అనే మాట తగిలిస్తే బుట్టతో పని లేకుండా పోతుంది. తగిలించింది. నిజంగానే తీసెయ్యాలా అని తెర అడిగింది. అవునని కొట్టింది. మేనేజరు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

అనుమతి వచ్చిందని బాబాయి ఫోన్ చేసిన రోజు ఆయన గొంతు గుర్తుపట్టలేనంత కొత్తగా ఉంది.

"రేపు రమ్మన్నారమ్మా. మీ పిన్నికి చెప్పాను. ఏమీ అనలేదు గానీ, వస్తానన్నట్టు తలూపింది."

ఫోన్ పెట్టేసి ఆమె రికార్డింగుల సర్వరులో ఆ నెల కోసం వెతికింది. ఆ నెలే లేదు. తాతకు ఫోన్ చేసింది.

"ఆ రోజు ఏం చేశారు?"

"వాల్యూము మొత్తం కాపీ తీశానమ్మా. సర్వరుకు కడితే ఆ ప్రోగ్రాం కాపీని కూడా తినేస్తుందని, దేనికీ కట్టకుండా వదిలేశా. మర్నాడొచ్చి పేరు పెడదామనుకున్నా, ఇదిగో ఇలా పడ్డా. అనాథల్లో చూడు, అక్కడే ఉంటుంది."

ఆమె తెర వైపు తిరిగింది.

"ఎవరి బిడ్డని ఎలాగూ అడుగుతారు కదా," అన్నాడు తాత. "అప్పటికి లేచొచ్చి పలుకుతాననుకున్నా."

కాపీ నాలుగు వందల పన్నెండును ఎవరు తీసేశారని ఆమె తెరను అడిగింది. తెర ఒక్క వరుసలో జవాబు చెప్పింది. వరుస చివర ఉన్నది ఆమె పేరే.

ఆ సాయంత్రమే బాబాయి ఇంటికి వెళ్ళింది. గేటు మీద పది అంకె, దాని కింద ఏడో వీధి అని, వీధి మొగకు కనబడేంత పెద్ద అక్షరాలతో కొత్తగా రంగు వేయించి ఉంది. ఆఫీసువాళ్ళు పోగొట్టారని చెబితే సరిపోతుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఆ అక్షరాలు చూశాక చెప్పలేకపోయింది. హాల్లో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. రేపటికని ఇస్త్రీ చేసిన బాబాయి చొక్కా కుర్చీకి వేలాడుతోంది.

"ఎవరి బిడ్డని అడిగావా?" అంది పిన్ని, వంటగది గుమ్మంలోంచి.

"రెండుసార్లు అడిగాను పిన్నీ."

"నువ్వు కూడా పలకలేదన్నమాట."

ఆమె తల వంచుకుని ఏడ్చింది. ఓదార్చడానికి ఎవరూ లేవలేదు. కాసేపటికి బాబాయి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏడవకు. అది లేకపోతేనేం, నేనున్నాను కదా. ఆ రోజు ఎలా చెప్పానో అలాగే చెబుతాను, మీరిద్దరూ వినండి."

చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఫోన్ పట్టుకున్నట్టు.

"పది. ఏడో వీధి." ఆగి, తల అడ్డంగా ఊపాడు. "ఇంత నిదానంగా చెప్పి ఉండనులే. పక్కన పిల్ల అలా కొట్టుకుంటుంటే."

మళ్ళీ చెప్పాడు, ఇంకాస్త తొందరగా. అదీ కాదన్నాడు. అప్పుడు ఊపిరాడలేదు, గొంతు వణికింది, అవన్నీ కలిపి చెప్పాలన్నాడు. గుక్క తిప్పుకోకుండా, పదికీ ఏడుకీ మధ్య సందు లేకుండా ఇంకోసారి చెప్పాడు. చెప్పి, తన చెవిన తాను విన్నాడు కాబోలు, టక్కున ఆగిపోయాడు. పిన్ని ఆయన మొహంలోకి చూసింది. చూసి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

"నీకేమని వినబడింది?" అని బాబాయి అడిగాడు.

"పది అన్నారు. ఆగారు. ఏడో వీధి అన్నారు," అంది ఆమె.

ఆయన ఆమె మాట నమ్మలేదు. చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది.

"నేనే తప్పు చెప్పానేమోనమ్మా," అన్నాడు.

పిల్ల పోయిన దగ్గర్నుంచి ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి.