అమ్మ చేతిలో మోగిన కారు

“నా చేతిలో మోగని కారు నీ చేతిలోనే ఎందుకు మోగుతుంది?” అన్నాడు నాన్న, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. అప్పుడే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట పెద్ద రోడ్డు మీద చివరిదాకా వెళ్ళి వచ్చాడు. “దూదిలా వెళ్ళింది. ఆయన కూడా ఏమీ లేదన్నాడు. గేరు సరిగ్గా వెయ్యడం రాక నువ్వే ఏదో గీకుతున్నావు. కాదంటే చెవుల డాక్టరుకి చూపించుకో.”

అమ్మ నానమ్మ దుప్పట్లు పిండుతోంది. “గేరు వేసినప్పుడు కాదండీ. కాస్త వేగం అందుకున్నాక వస్తోంది. తిరగలి తిప్పినట్టు గరగరమని.”

“వంటింటి ధ్యాసలో బండి నడిపితే తిరగలే వినిపిస్తుంది మరి,” అని నవ్వాడు నాన్న. తాళాన్ని ఎప్పుడూ తగిలించే మేకుకి తగిలించకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. “నేర్చుకున్నది చాలు. ఎక్కడో ఒకచోట గుద్దకముందే కారు తీసుకెళ్ళి మా ఆఫీసు దగ్గర పెట్టుకుంటాను. మీరు బస్సులో తిరగండి.”

అమ్మ దుప్పటి మెలిపెట్టి పిండింది, నీళ్ళు ఆగిపోయాక కూడా పిండుతూనే ఉంది.

కారు నాన్నది, కారు పని అమ్మది. నాన్న రోజూ ఆఫీసు బస్సులో వెళ్ళి వస్తాడు. అమ్మ నన్ను మా బడి దగ్గర దింపి, తను పాఠం చెప్పే చిన్నపిల్లల బడికి వెళ్ళి, మధ్యాహ్నం ఇంటికొచ్చి నానమ్మని ఎక్కించుకుని క్లినిక్‌కి తీసుకెళ్తుంది. తుంటి విరిగినప్పటినుంచి నానమ్మ బస్సు మెట్టు ఎక్కలేదు. అక్కడ కాలుకి వ్యాయామాలు చేయించకపోతే ఉన్న కదలిక కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. వచ్చేటప్పుడు బియ్యం బస్తా, నీళ్ళ డబ్బాలు, ఇస్త్రీ బట్టలు. ఇంత తిరిగినా ఎవరైనా అడిగితే అమ్మ “ఖాళీగానే ఉన్నానండీ, మధ్యాహ్నం బడి అయిపోతుంది” అంటుంది. అమ్మ డ్రైవింగ్ నేర్చుకుంటున్నప్పుడు బాబాయి, “వదిన కారు తీసేముందు ఒక మాట చెప్పండి, మేడెక్కి నిలబడతాం” అన్నాడు. అందరూ నవ్వారు. నానమ్మ అయితే ఇప్పటికీ “ఏమే సారథీ, రథం సిద్ధమా?” అంటుంది. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ రోజు నాన్న మాటకి నవ్వు రాలేదు. ఏ కుళాయి కారుతోందో, ఫ్రిజ్ ఎప్పుడు ఆగిపోయిందో, నానమ్మ నిద్రపోతోందో నటిస్తోందో, నాన్న ఏ కోపంతో మెట్లెక్కుతున్నాడో, అమ్మ వంటింట్లోంచే చెప్పేస్తుంది. ఆ చెవుల మీద నడుస్తున్న ఇల్లు మాది. ఆ చెవుల్నే డాక్టరుకి చూపించమన్నాడు నాన్న.

“రేపు అత్తయ్యకి క్లినిక్ ఉంది. మీరు తీసుకెళ్తారా?” అని అడిగింది అమ్మ భోజనాల దగ్గర.

“నాకు మీటింగ్ ఉంది.” జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. “రేపొక్కరోజే. ఎల్లుండి నాకు ఇచ్చెయ్యాలి.”

మర్నాడు నానమ్మ ఎప్పటిలాగే వెనకసీట్లో ఎడమవైపు కూర్చుంది. ఆ రోజు మాకు ఒంటిపూట బడే కాబట్టి నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. క్లినిక్ అయ్యాక అమ్మ ఇంటి దారి పట్టలేదు. రేడియో తీసేసింది, ఏసీ తీసేసింది, అద్దాలు దించేసింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట కాస్త వేగం పెంచగానే శబ్దం మొదలైంది. అమ్మ అప్పుడు గేరు తీసేసి కారుని దానంతట దాన్ని పోనిచ్చింది. ఇంజను గొంతు తగ్గిపోయింది. గరగర మాత్రం తగ్గలేదు. కారు నెమ్మదించేకొద్దీ అదీ నెమ్మదించింది.

“ఇంజను కాదు, చక్రం,” అంది అమ్మ, తనలో తను అనుకున్నట్టు. ఆ మాటలో సంతోషం నాకు వినిపించింది.

మార్కెట్ వెనక బళ్ళు నిలిపే పెద్ద ఖాళీ స్థలం ఉంది. అక్కడ అమ్మ వెడల్పుగా చుట్టు తిప్పడం మొదలుపెట్టింది. ఎడమకి తిప్పితే శబ్దం దాదాపు పోయింది. కుడికి తిప్పితే రెట్టింపయింది. “కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. ఎడమవైపే ఏదో ఉంది. ముందా, వెనకా? విని చెప్పవే,” అంది నాతో. క్లాసులో తెలిసిన జవాబుకి కూడా చెయ్యెత్తను నేను. వంగి చెవి పెట్టాను. తప్పు చెబితే ఎలా అనుకుంటూ ఊరుకున్నాను.

“ఎందుకే ఈ గింగిరాలు? కడుపులో తిన్నదంతా కవ్వం పెట్టి చిలికినట్టుంది,” అని విసుక్కుంది నానమ్మ. అమ్మ ఇంకోసారి కుడికి తిప్పింది. నానమ్మ సీటు అంచు పట్టుకుని, “నా కిందే మోగుతోంది. మొదటినుంచీ నా కిందే. తుంటిలోకి తగులుతోంది కూడా,” అంది.

అమ్మ కారు ఆపేసింది. వెనక్కి తిరిగింది. “అత్తయ్యా, మొదటినుంచీ తెలుసా? నిన్న ఆయన అన్ని మాటలంటుంటే పక్కగదిలోనే ఉన్నారు కదా.”

నానమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. “చెబితే వాడు కారు మూలన పడేస్తాడనుకున్నాను. అప్పుడు నన్నెవరు బయటికి తీసుకొస్తారు? వాడు తీసుకొస్తాడా? నేను నోరు మూసుకుంటే నీ చేతిలో ఉంటుంది, నీ చేతిలో ఉంటే నాకు కాళ్ళుంటాయి.”

ఆ మాటకి అమ్మకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంజను కూడా ఆపేసింది. “ఇది ఇలాగే ఉంటే ఒకరోజు చక్రమే వదిలేస్తుంది. అప్పుడు ముగ్గురం ఉంటాం ఇందులో. రేపు మీ అబ్బాయికి చెబుతారా?”

“చెబుతాను,” అంది నానమ్మ.

చెప్పింది కూడా. నాన్న తాళం కోసం చెయ్యి చాపినప్పుడు, “ఒరేయ్, నువ్వు నడపకు. నా చోట కూర్చో ఒకసారి,” అంది. తల్లి మాట కాదనలేక నాన్న వెనక ఎడమవైపు ఎక్కాడు. నానమ్మ ముందుసీట్లో, నేను నాన్న పక్కన. ఆయన్ని ఆ సీట్లో నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. అమ్మ మాట్లాడకుండా మలుపులున్న దారినే వెళ్ళింది, రోజూ వెళ్ళే దారి అదే. నాన్న మెకానిక్‌తో వెళ్ళింది తిన్నని రోడ్డు, వెనకసీటు ఖాళీ, రేడియో పాట. మొదటి కుడి మలుపులోనే నాన్న మొహం మారింది. రెండో మలుపులో సీటు కింద చెయ్యి పెట్టి చూశాడు.

“ఇది ఎప్పటినుంచి వస్తోంది?”

“నేను చెప్పినప్పటినుంచి,” అంది అమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

షెడ్డులో అదే మెకానిక్ మేము చెప్పిన వెనక ఎడమ చక్రం పైకెత్తి చేత్తో తిప్పాడు. గరగరలాడింది. రెండు చేతులతో పట్టి ఊపితే ఊగింది. “బేరింగ్ పోయింది సార్. మొన్న ఖాళీ బండిలో తెలియలేదు. ఇదే చక్రమని సరిగ్గా ఎలా పట్టుకున్నారు?”

“అంటే, ఇంట్లో అందరం విన్నాం కదా,” అన్నాడు నాన్న.

“అందరం కాదు. మా అమ్మ కనిపెట్టింది,” అన్నాను. నా గొంతు అంత పైకి వస్తుందని నాకే తెలియదు. షెడ్డులో పనిచేస్తున్నవాళ్ళు తల తిప్పి చూశారు. నేను తల దించుకోలేదు.

సాయంత్రానికి చక్రం బిగించి మెకానిక్ తాళం నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ అమ్మ వైపు చూశాడు. అమ్మ అడగలేదు, చెయ్యి చాపలేదు. నానమ్మని లోపల కూర్చోబెట్టి, ఇటువైపు వచ్చి, డ్రైవర్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. అద్దం తన ఎత్తుకి సరిచేసుకుంది. తాళం నాన్నే ఆ కిటికీ దాకా తెచ్చి ఇచ్చాడు.