పైకప్పు మీద రెండో మరక

మా ఆయనకు ఏ గిన్నె చూసినా నీళ్లు తక్కువైనట్టే కనిపిస్తుంది. నీళ్ల ట్యాంకు దగ్గర సూపర్‌వైజరు ఉద్యోగం. నిండని ట్యాంకులు కలలోకి వస్తాయట. ఆయన చలవ వల్ల మా ఇంట్లో పూలకుండీల్లో మొక్కలన్నీ మునిగి చచ్చాయి. చారుకీ పప్పుకీ తేడా రంగును బట్టి తెలుసుకుంటాం. అదంతా సహించాను. సహించలేనిది ఒక్కటే, మా వంటింటి పైకప్పు మీదున్న నూనె మరక.

పదిహేనేళ్ల కిందట, నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఓ ఉపవాసం రోజు సాయంత్రం సగ్గుబియ్యం వడలు వేశాను. పొద్దుట్నుంచీ పస్తున్న బంధువులంతా వరసగా కూర్చుని చూస్తున్నారు. వేసినవి వేసినట్టు పేలాయి. ఒకటి పైదాకా వెళ్లి, అక్కడ అరచెయ్యంత సంతకం పెట్టి, ఆయన అక్క ఒళ్లో దిగింది.

సగ్గుబియ్యం నానేటప్పుడు నీళ్లెక్కువైతే నూనెలో టపాకాయలే. కానీ నేను గింజ మునిగీ మునగనట్టే పోశాను. ఆ మాట ఎవరితో అన్నా "పోన్లే, కొత్త కదా" అన్నారు. "నూనె దగ్గర అమ్మాయి చెయ్యి అచ్చిరాదు" అని అత్తగారు తీర్పు చెప్పారు. అప్పట్నుంచీ వడలు ఆవిడవి. ఒక్కటీ పేలేది కాదు. నాకు ఉడికిన బంగాళాదుంపల తొక్క తీసే శాఖ ఇచ్చారు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. తొక్క బాగా తీస్తాను.

ఆ మరకకు రెండుసార్లు సున్నం వేయించాం. రెండుసార్లూ మళ్లీ పైకి తేలింది.

ఈ ఏడు అత్తగారు స్నానాలగదిలో జారి కుడి మణికట్టుకు పిండికట్టు వేయించుకున్నారు. గరిటె నా చేతికొచ్చింది. "పోనీ, ఈసారి పళ్లతో సరిపెట్టుకుందామా?" అన్నారు మా ఆయన, పైకి చూస్తూ.

ఈసారి కూడా పేలితే ఇక బతికినన్నాళ్లూ నాది తొక్కల శాఖే. అందుకని పొద్దున్నే రెండు గిన్నెల్లో సగ్గుబియ్యం నానబోశాను, రెండింట్లోనూ ఒకే కొలత నీళ్లు. ఒకటి అందరికీ కనపడేలా గట్టు మీద పెట్టాను. అది ఎర. రెండోది మూతపెట్టి బీరువాలో పట్టుచీరల మధ్య దాచాను. ఎర ఎవరికోసమో వేరే చెప్పక్కర్లేదు.

"ఏమండీ, సగ్గుబియ్యం గట్టు మీదుంది, కాస్త చూస్తుండండి" అని కేకేసి స్నానానికెళ్లాను.

వచ్చి చూస్తే గట్టు మీది గిన్నెలో గింజల పైన రెండు వేళ్ల మందాన నీళ్లు.

"ఎన్ని పోశారు?" అన్నాను ముందుగదిలోకి వెళ్లి.

ఆయన పేపరు దించారు. "దేంట్లో?"

"తెలీనట్టు అడక్కండి."

"నేను వంటింట్లోకే రాలేదే! ఆ గిన్నెను చూడ్డానికే భయమేసింది."

నమ్మలేదు. నమ్మకపోవడం నాకు అలవాటు. వెనక్కి తిరిగితే, వంటింటి గుమ్మం పక్కన స్టూలు మీద అత్తగారు ఎడమచేత్తో జపమాల తిప్పుతున్నారు. కట్టు అంచు తడిసి ఉంది. దాని మీద ముత్యంలా ఒక్క సగ్గుబియ్యం గింజ.

"కట్టు తడిసిందేంటత్తయ్యా?"

"చెమట."

"ఫ్యాను కిందే ఉన్నారుగా?"

"ఉపవాసం చెమటమ్మా. నీకు తెలీదు."

సరేనన్నాను. గింజ సంగతి ఎత్తలేదు.

సాయంత్రం వదిన, అదే ఆయన అక్క, వస్తూనే ఒళ్లో తువ్వాలు పరుచుకుని కూర్చుంది. "ఏమే మరదలా, గొడుగు కూడా తెచ్చుకోవాల్సిందా?"

"తెచ్చుకోవాల్సింది వదినా. మొదటి వడకి పనికొచ్చేది."

దీపం పెట్టడం అయింది. గట్టు మీది గిన్నెలోంచి గుప్పెడు తీసి, బంగాళాదుంప, దంచిన వేరుశనగపప్పు, పచ్చిమిర్చి కలిపి ఒకే ఒక్క వడ తట్టాను. నూనెలో వదిలి, మూత డాలులా పట్టుకుని వెనక్కి జరిగాను. నూనె ఒక్క క్షణం ఆలోచించింది.

ఢాం!

పాత మరక పక్కనే కొత్త మరక, కవలపిల్లలా.

"చెప్పలా!" వదిన చప్పట్లు కొట్టింది. "అమ్మ మాట ఊరికే పోతుందా?"

"పళ్లు కొయ్యనా?" అన్నారు మా ఆయన గుమ్మంలోంచి.

నేను వెళ్లి బీరువా తీసి, చీరల మధ్యనుంచి గిన్నె తెచ్చాను. గింజ వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణిగింది. కలిపాను, తట్టాను, వాయి వేశాను. బుద్ధిగా వేగాయి. కిక్కురుమనలేదు.

వదిన ఒకటి విరిచి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవెందుకు పేలలేదే?"

"ఇవి బీరువాలో నానాయి వదినా. చీరలకి నీళ్లు పోసే అలవాటు లేదు."

"అంటే పదిహేనేళ్లూ నన్నా అనుమానించింది?" అన్నారు మా ఆయన. ఆయన చేతిలో అన్నిటికన్నా వేడి వడ పెట్టాను. నోరు కాలినవాళ్లు ప్రశ్నలడగరు.

అత్తగారు చాలాసేపు పైకప్పు చూశారు. తర్వాత కట్టు చూసుకున్నారు. గింజ అక్కడే ఎండిపోయి ఉంది. ఎడమచేతి గోటితో గిల్లి తీశారు.

"ఆ ఏడు కూడా నేనే పోశానే" అన్నారు గింజతో మాట్లాడుతున్నట్టు. "రెండు గ్లాసులు."

"అమ్మా!" అంది వదిన.

"నువ్వు నోరు మూసుకుని తిను. నేను నానబోస్తే సరిగ్గానే కనిపిస్తాయి. ఇంకొకళ్లు నానబోస్తే చాలనట్టుంటుంది, ఏం చెయ్యను?" అని నా వైపు తిరిగారు. "నీ చేతిలో ఏ దోషమూ లేదమ్మాయ్. తప్పు నాదే."