ఎవరి ఒడ్డు వారిది

నలభై ఒకటో ఏట మూడో రాజు కూడా చచ్చిపోయాడు. మస్తానయ్య ఆ సంగతి కాగితం మీద రాసుకుని, ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకున్నాడు. కొట్టుకుంటోంది గానీ మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది. పొద్దున్నుంచి ఇలా చూసుకోవడం ఎన్నోసారో అతనికే తెలియదు. బయట గాలి హోరుమంటోంది. వాయుగుండం రేపు తీరం దాటుతుందని టీవీలో చెప్పారు.

తెర మీద ఎనిమిది రాజ్యాలున్నాయి. ఆడేవాళ్లెవరూ లేరు, రాజులందరినీ కంప్యూటరే ఆడిస్తుంది. ముప్పై ఏళ్లకోసారి సముద్రంలోంచి రాకాసులు లేచి ఒడ్డెక్కుతారు. ఆటలో ఏడాదంటే మనకు అర నిమిషం. రాకాసుల బలం పెంచితే రాజులంతా చచ్చి, ఆట కొనుక్కున్నవాడికి పోరాడటానికి ఎవరూ మిగలరు. తగ్గిస్తే ఒక్క రాజే మిగతా ఏడుగురినీ మింగి కూర్చుంటాడు. నూరేళ్లు గడిచేసరికి అయిదారుగురైనా బతికుండేలా చూడటం మస్తానయ్య ఉద్యోగం. నెల్లూరులో ఒక చిన్న కంపెనీ ఆ పని ఇచ్చింది. పల్లెపాలెంలో తన ఇంట్లోనే కూర్చుని చేస్తాడు. రాజులను బతికించే కొలువంటే వినడానికి దర్జాగానే ఉంటుంది. దగ్గరికొచ్చి చూస్తే, పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని చావులు లెక్కపెట్టడమే.

అతనికి ముప్పై ఏడేళ్లు. బక్కపలచటి మనిషి. మెడ పక్కన నరం ఎగిరిపడటం ఎదుటివాళ్లకు కనిపిస్తుంది. రెండు మెట్లెక్కితే పెదవులు నీలంగా మారతాయి. తొమ్మిదో ఏట వచ్చిన కీళ్లజ్వరం గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. “బరువు ఎత్తకు, తాడు లాగకు. లాగిన పూటే ఆఖరు” అన్నాడు నెల్లూరు డాక్టరు. ఆ రోజు నుంచి ఊళ్లో మగవాళ్లంతా సముద్రానికి పోతే అతనొక్కడూ ఒడ్డున మిగిలాడు. అల్లూరులో చదువుకున్నాడు, కంప్యూటర్ నేర్చాడు, పెళ్లి చేసుకున్నాడు, మీసంలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. గట్టిగా నవ్వాలన్నా గుండెను అడిగి నవ్వుతాడు. రాత్రి పడుకునేటప్పుడు తెల్లారి లేస్తానో లేదో అన్న బెంగ, లేచాక సాయంత్రం దాకా ఉంటానో లేదో అన్న బెంగ. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ భయంతోనే కాపురం.

పల్లెపాలెంలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం పొంగినప్పుడు ఎవరి పడవ ముందు ముప్పులో పడితే అందరూ దాని తాడే పట్టాలి. తన పడవ ఊగిపోతున్నా సరే, మొదట పక్కవాడిది లాగాలి. ఆ తర్వాత అందరూ వచ్చి తనది లాగుతారు. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. జన్మలో తాడు పట్టని మస్తానయ్య కూడా తన రాజులకు ఆ నియమమే రాశాడు: ఏ ఒడ్డున రాకాసులు దిగినా చుట్టుపక్కల రాజులు సైన్యమంతా పంపాలి. అందులో తప్పేమైనా ఉంటుందని అతనికి తోచనే లేదు.

పదకొండింటికి కంపెనీ నుంచి ఉష ఫోన్ చేసింది. అతని పైఅధికారి, వయసులో మాత్రం పదేళ్లు చిన్నది.

“మస్తానన్నా, మళ్లా తొంభై ఏళ్లకే అందరూ అయిపోయినారు. ఎందుకో చూసినావా?”

“రాకాసుల బలం ఇంకొంచెం తగ్గించాల్నేమో మేడం.”

“బలం కాదన్నా. ఒకడి మీద దాడి జరిగితే మిగతా రాజులంతా కోటలు ఖాళీ చేసి అక్కడికి పరిగెత్తుతా ఉండారు. రెండో గుంపు వెనకనించి వచ్చి ఆ ఖాళీ కోటల్ని ఊడ్చేస్తా ఉంది. ఎవరన్నా సొంత కోట వదిలేసి పక్కోడి కోసరం పోతారా?”

“పోరా మేడం?” అన్నాడు మస్తానయ్య. నిజంగానే తెలియక అడిగాడు.

ఉష నవ్వింది. “రాజు సైన్యం బలం సగానికి తక్కువుంటే కదలొద్దని పెట్టన్నా, సరిపోతాది. సాయంత్రం అయిదులోపల పంపించు.”

అలాగే పెట్టి, ఆటను మళ్లీ మొదటినుంచి నడిపించాడు.

మధ్యాహ్నం భార్య కామాక్షి అన్నం పళ్లెం, మాత్ర తెచ్చింది. రొయ్యల కంపెనీలో తలలు తీసే పని ఆమెది. గాలివానని ఇవాళ సెలవిచ్చారు.

“అలలు ఇసకదిబ్బ దాకా వస్తా ఉండాయి. మగోళ్లంతా ఏటి మొగ కాడ పడవలు లాగను పోయినారు. నువ్వు మాత్రం బయటికి రాబాకయ్యా.”

“నేనెప్పుడొచ్చినాన్లే.”

ఆమె అతని మెడనరం వైపు ఓరగా చూసి, మాత్ర మింగేదాకా నిలబడి వెళ్లింది.

సంఖ్యలు అటూ ఇటూ సర్ది ఇంకో రెండుసార్లు నడిపాడు. నాలుగింటికి నూరేళ్లు నిండాయి. ఆరుగురు రాజులు మిగిలారు. మూడు వారాలుగా ఎదురుచూసిన ఫలితం అది. అయినా సంతోషం కలగలేదు. పోయిన ఇద్దరిలో ఒకడి కోట తగలబడుతుంటే పక్క రాజ్యంలో ఆకుపచ్చ జెండా రాజు సైన్యాన్ని గట్టు మీద నిలబెట్టి చూస్తున్నాడు. అతని బలం సగానికి కాస్త తక్కువ. మస్తానయ్య వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. ఆ రాజు కదల్లేదు. కదలనందుకే బతికాడు. తాను ఇన్నేళ్లుగా ఊరికి ఎలా కనిపిస్తున్నాడో మస్తానయ్యకు మొదటిసారి అర్థమైంది. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఫలితాన్ని ఉషకు పంపాడు.

హెడ్‌ఫోన్లు చెవుల మీదనుంచి మెడలోకి దించగానే ఆడవాళ్ల కేకలు వినిపించాయి. తీగ పీక్కుని వాకిట్లోకి వచ్చాడు.

పక్కింటి చిన్నపోలయ్య పడవ అలల్లో అడ్డం తిరిగింది. అరవై దాటిన ఆ ముసలాయన, అయిదుగురు ఆడవాళ్లు ఒకే తాడు పట్టుకుని వెనక్కి వాలుతున్నారు. వాళ్లలో కామాక్షి ఉంది. వెనక్కి పోయే ప్రతి అలా వాళ్లను రెండడుగులు నీళ్లలోకి ఈడ్చుకుపోతోంది. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ నుంచి మగవాళ్లు రావాలంటే అరగంట పడుతుంది.

మస్తానయ్య గడప దగ్గరే నిలబడ్డాడు. డాక్టరు మాట నిన్ననే అన్నట్టు చెవిలో మోగింది. చావాలని అతనికి ఏ కోశానా లేదు. నడుం మునిగే నీళ్లలో కామాక్షి కాలుజారి, మళ్లీ లేచి తాడు పట్టుకుంది. అప్పుడు కదిలాడు. ఇసకలో పరిగెత్తడం చేతకాక తూలుతూ వెళ్లాడు.

“నువ్వు రాబాక!” అని అరిచింది కామాక్షి. “నీకు దణ్ణం పెడతా, ఇంట్లోకి పో!”

“భయంగానే ఉందిలే,” అన్నాడు అతను. “అయినా వస్తా.”

మెడలోని హెడ్‌ఫోన్లు తీసి, పడవలు కట్టే గుంజకు తగిలించాడు. చిన్నపోలయ్య జరిగి, తాడు మీద జానెడు చోటు ఇచ్చాడు.

లాగారు. మొదటి పట్టుకు పడవ ముక్కు ఒడ్డువైపు తిరిగింది. నాలుగో పట్టుకు అడుగుభాగం ఇసకకు ఆనింది. పెద్ద అల ఒకటి వెనకనుంచి తోయగా ఏడో పట్టుకు పడవ ఇసక మీదికి వచ్చి పడింది. ఆడవాళ్లు ఆయాసపడుతూనే నవ్వారు. మస్తానయ్య కూడా నవ్వాడు, గుండెను అడక్కుండానే. తర్వాత పడవకు వీపు ఆనించి ఇసకలో కూర్చున్నాడు.

“మస్తానయ్యా, ఈ కొస అందుకో సామీ,” అన్నాడు చిన్నపోలయ్య, ముడి వేయబోతూ.

చెయ్యి రాలేదు. ముసలాయన తల తిప్పి చూశాడు. కామాక్షి అప్పటికే అతని ముందు కూలబడి, మెడ మీద వేళ్లు ఆనించి, ఎగిరిపడే ఆ నరం కోసం వెతుకుతోంది. అది ఎక్కడా దొరకలేదు.

చీకటి పడకముందే మగవాళ్లు వచ్చి అతన్ని ఇంటికి మోసుకెళ్లారు. గుంజకు తగిలించిన హెడ్‌ఫోన్లు అక్కడే ఉండిపోయాయి, వేలాడే తీగ గాలికి ఊగుతూ, చెవులుండాల్సిన మెత్తటి గుంటల్లో కొద్దికొద్దిగా ఇసక చేరుతూ.