పోశవ్వ గడప

పేడనీళ్లలో ఎర్రమట్టి కలిపి పోశవ్వ నడింటిని అలుకుతోంది. మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ గడప దాకా వచ్చాక ఆమె చెయ్యి నెమ్మదించింది. దర్వాజకు కుడివైపు, అడుగున చిన్న పెచ్చు ఊడి ఉంది. రోజూ దాన్ని ఒకసారి తడుముతుంది.

బసంత్‌నగర్ రోడ్డు పక్కన తోటలో కట్టిన పాతకాలపు పల్లె ఇది. ముత్తాతల నాటి పల్లె ఎట్లా ఉండేదో టికెట్టు కొని చూసిపోవచ్చు. కుమ్మరి ఇల్లు, సాలె మగ్గం, కాపు ఇల్లు. కాపు ఇంట్లో పోశవ్వ డ్యూటీ. అలకాలి, తిరగలి విసరాలి, పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చి వచ్చినవాళ్లకు తుంచి పెట్టాలి. కమాన్‌పూర్ అవతల ఆమె ఊరు బొగ్గుగనిలో కలిసినప్పుడు ఇళ్ల కలపంతా ఎవరెవరికో అమ్ముడుపోయింది. ఆమె ఇంటి దర్వాజ గడపతో సహా తిరిగి తిరిగి ఇక్కడికి వచ్చింది. పనిలో చేరిన రోజు, అడుగున ఊడిన పెచ్చును బట్టి పోశవ్వ దాన్ని గుర్తుపట్టింది. ఆ సంగతి పెనిమిటి రాయమల్లుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ రాయమల్లు ఈరోజు ఆటోలో ఆమె వెంట వచ్చాడు. మనిషిలో ఇక ఏమీ మిగల్లేదు, ఎముకలూ దగ్గూ తప్ప. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఏ ఇంటికి తీసుకుపోతుంది, ఆమె తలకాయ! గోదావరిఖనిలో కిరాయి గది. నిన్న సాయంత్రం ఇంటి ఓనరు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఏమనుకోకు అవ్వా. ముసలాయనకు ఏమన్న అయితే ఇంట్ల పెట్టనియ్య. కొత్తగ కట్టుకున్న ఇల్లు. ముందే చెప్తున్న."

కిరాయికి ఉండేవాళ్ల చావు అంతే. శవాన్ని వాకిట్లోకి కూడా రానివ్వరు, రోడ్డు వారన టెంటు వేసుకుని ఏడవాలి. ఓనరు వెళ్లాక రాయమల్లు గోడవైపు తిరిగి, "నన్ను రోడ్డు మీద పండవెట్టకే," అన్నాడు. ఏనాడూ ఏదీ అడగని మనిషి.

పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ చాంద్ పాషా ఇద్దరి చెప్పులూ విడిపించాడు. పాతకాలంలో రబ్బరు చెప్పులు లేవు కనుక పల్లెలోకి రానివ్వరు. పనివాళ్లవి ఆయన స్టూలు కిందే ఉంటాయి.

"ఫికర్ చెయ్యకు రాయమల్లన్నా. పిన్నీసు పెట్టిన చెప్పుల్ని చూస్తే దొంగ గూడ దండం పెట్టి పోతడు," అన్నాడు. రాయమల్లు నవ్వబోయి దగ్గాడు.

సూపర్‌వైజర్ ప్రశాంత్ నసిగాడు. "అరుగు మీద కూర్చోబెడతావు సరే. జనం ముందు దగ్గుతాడేమో కదమ్మా?"

"పాతకాలం ముసలోళ్లు దగ్గకుండెనా సారూ?" అంది పోశవ్వ. అతనికి నవ్వొచ్చింది. సరేనన్నాడు.

అరుగు మీద దర్వాజకు వీపు ఆనించి కూర్చున్నాక రాయమల్లు చెయ్యి కిందికి పాకి, పెచ్చు ఊడిన చోట ఆగింది.

"మనదే," అన్నాడు. "బండి ఇరుసు తాకిచ్చిన. ఎడ్లను పట్టుడు రాదని తిడ్తివి."

"ఇప్పుడైనా తిడ్త. నీకు ఏం వచ్చు గనుక?"

అలికిన నేల ఆరాక ఆమె పొయ్యి ముట్టించింది. జనం వచ్చారు, రొట్టె తిన్నారు, రాయమల్లు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. తాతా ఇటు చూడు అంటే చూశాడు. రెండో వాయి రొట్టె తీసి, మెత్తటి ముక్కను అంబలిలో నానబెట్టి పోశవ్వ ఆయనకు తెచ్చింది. తల దర్వాజకు ఆనించే ఉంది. చెయ్యి ఆ పెచ్చు ఊడిన చోటే ఉంది. దగ్గు లేదు.

ఆమె గిన్నె దింపి, చెంబెడు నీళ్లు తెచ్చి ముందు పొయ్యి ఆర్పింది. ఇల్లంతా పొగ కమ్మింది.

ప్రశాంత్ ఉరికొచ్చాడు. "పొయ్యి ఎందుకు ఆర్పినవమ్మా? బస్సు వస్తోంది."

"సావు అయిన ఇంట్ల పొయ్యి మండొద్దు సారూ."

అతను అరుగు వైపు చూశాడు. చాంద్ పాషాను తనే పిలుచుకొచ్చాడు. ముగ్గురూ కలిసి రాయమల్లును గడప దాటించి, పొద్దున ఆమె అలికిన నేల మీద పడుకోబెట్టారు. పోశవ్వ తలాపున దీపం పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఎడ్లను, పొలాన్ని, పోయిన ఊరిని, ఆయన మొండితనాన్ని వరసపెట్టి తలుచుకుంటూ గుండెలు బాదుకుని ఏడ్చింది.

బస్సు దిగినవాళ్లు వాకిట్లో గుమిగూడారు. "అప్పట్లో ఎట్లా ఏడ్చేవాళ్లో కూడా చూపిస్తున్నారు," అని ఒకామె పిల్లల్ని ముందుకు నెట్టింది. ఫోన్లు పైకి లేచాయి.

"ఆట కాదమ్మా! మనిషి పోయిండు. జరుగుండ్రి!" చాంద్ పాషా చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. ఒక్కొక్కరే ఫోన్లు దించి వెనక్కి జరిగారు.

పొద్దు వాలేలోపు మందమర్రి నుంచి కూతురు జమున, అల్లుడు, దాయాదులైన పాలోళ్లు వచ్చారు. పాడె కట్టి, పోశవ్వ పెళ్లికూతురుగా దాటిన ఆ గడప మీదుగానే రాయమల్లును బయటికి తెచ్చారు. గేటు దాకా మోసి బండిలోకి ఎక్కించారు. చాంద్ పాషా స్టూలు కింది నుంచి ఆమె చెప్పులు తీసి కాళ్ల ముందు పెట్టాడు. "ఏసుకో పోశక్కా, తొవ్వంత కంకర."

ఆమె వేసుకుంది. బండి కదిలింది.

రెండో జతను కూడా చాంద్ పాషా చేతిలోకి తీసుకున్నాడు. పిలుద్దామా అనుకుని పిలవలేక మళ్లీ అక్కడే పెట్టాడు. స్టూలు కింద నీలం రబ్బరు చెప్పులు, ఎడమదాని పట్టీకి పిన్నీసు, బొటనవేలి గుంతలో కాస్త మట్టి.