వాటాదారుల సభలో అక్కకో మాట

ఆ కంపెనీ కమ్యూనికేషన్స్ మేనేజరు పొద్దున్నే వచ్చి, కుర్చీకి సంచి తగిలించి, ముందుగా కంపెనీ గురించి పేపర్లలో ఎవరేం కూశారో చూసేది. తర్వాత ఛైర్మన్‌గారు మాట్లాడాల్సిన ఉపన్యాసం రాయడానికి కూర్చునేది. మొదటి వాక్యం రాయగానే ఆమె గొంతు పోయేది. ఆయన వేదికెక్కి, అది చదివి, కిందికి దిగేదాకా తిరిగొచ్చేది కాదు. ఆయన నోటివెంట వచ్చేది అచ్చంగా ఆమె గొంతే.

దీన్నెవరూ వింతగా చూడలేదు. లిఫ్టులో ఆమె నవ్వి ఊరుకుంటే, "ఓహో, ఉపన్యాసం మొదలైందన్నమాట," అనేవాళ్ళు. ఒకసారి వేరే మనిషి చేత రాయించి చూశారు. ఛైర్మన్‌గారి సొంత గొంతు బయటికొచ్చింది, తుప్పుపట్టిన గేటు తీసినట్టు. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

తల్లి పోయాక ఆమెను పెంచింది అక్కే. ఇప్పుడా అక్క ఆసుపత్రిలో ఉంది. జబ్బుతో చూపు కూడా పోయింది. ఆ ఏడాది కంపెనీకి అన్నీ తలనొప్పులే కావడంతో ఒక ఉపన్యాసం ముగిసేలోపే ఇంకోటి రాయాల్సొచ్చేది. గొంతు లేని చెల్లెలు వచ్చి, మంచం పక్కన కూర్చుని, అక్క చెయ్యి నిమిరి వెళ్ళిపోయేది.

"నీ గొంతు టీవీలో వింటూనే ఉన్నానే," అంది అక్క ఒకనాడు. "లాభాలంటావు, నమ్మకమంటావు. అవన్నీ వాటాదారులకి. నాకో మాట చెప్పి చావరాదూ?"

'సభ అవగానే చెప్తా' అని చెల్లెలు ఆమె అరచేతిలో వేలితో రాసింది.

"అందాకా నేను ఆగాలిగా!" అక్క నవ్వబోయి దగ్గింది.

సభ రోజు పొద్దున నర్సు ఫోన్ చేసింది, వెంటనే రమ్మని. "వెళ్ళండమ్మా," అన్నారు ఛైర్మన్‌గారు. "మార్పులేమైనా ఉంటే ఫోన్లోంచే చేసెయ్యండి." ఆమె ఫోన్లో దిద్దిందల్లా వేదికమీద ఆయన ముందున్న తెరమీద కనబడుతుంది. కనబడింది ఆయన చదువుతారు. ముందుగా చదువుకునే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

ఆమె వెళ్ళేసరికి అక్కకు ఊపిరి అందడం లేదు. గోడమీద టీవీలో సభ మొదలైంది.

"ఉన్నావా?" అంది అక్క, గాలిలో చెయ్యి తడుముతూ. "భయంగా ఉందే."

ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. రెండో చేత్తో ఫోన్ తీసి, మిగతా ఉపన్యాసమంతా తుడిచేసి, గబగబా రాసింది.

"ఈ మూడు నెలల్లో మన అమ్మకాలు..." ఛైర్మన్‌గారు చదువుతున్నారు. "అక్కా, భయపడకు. నేనిక్కడే ఉన్నాను. నీ చెయ్యి పట్టుకున్నది నేనే."

ముందు వరుసలోని వాటాదారులు తలెత్తి చూశారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని కొనసాగించారు. "నాకు జ్వరమొస్తే నువ్వు బడి మానేసి కూర్చునేదానివి. ఊరందరికీ కృతజ్ఞతలు చెప్పాను గానీ, నీకెప్పుడైనా చెప్పానా?"

"ఇప్పుడు చెప్పావుగా," అంది అక్క, కళ్ళు మూసుకుని.

"నిద్రొస్తే పడుకో. నేనెక్కడికీ వెళ్ళను," అంది టీవీలోంచి చెల్లెలి గొంతు.

కాసేపటికి అక్క వేళ్ళు వదులయ్యాయి. నర్సు నాడి చూసి, దుప్పటి సర్దింది. చెల్లెలు ఫోన్ మంచంమీద పడేసి, కడుపు పట్టుకుని వంగిపోయింది. ఎంత ఏడ్చినా చప్పుడు రాలేదు.

టీవీలో ఛైర్మన్‌గారు ఖాళీ అయిన తెరమీంచి తలెత్తారు. ఆ తర్వాత రెండు చేతులా బల్ల పట్టుకుని, అంతమంది వాటాదారుల ముందు, "అక్కా!" అని గుండెలు పగిలేలా ఏడవడం మొదలుపెట్టారు.